ఫేస్‌వాష్ లేబుల్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: సబ్బని రాయని సబ్బు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. మీరు వాడే ఫేస్‌వాష్ ట్యూబు వెనక్కి తిప్పి, పదార్థాల జాబితాలో మొదటి ఆరు పేర్లు కాగితం మీద రాసుకోమన్నాను. అక్షరాలు మరీ చిన్నవి, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూసినా సరే. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ్టి పనంతా దానితోనే.

పాత సంగతి ఒక్కసారి గుర్తు చేసుకుందాం. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం 1 శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఆ గీత ఎక్కడ పడిందో లేబుల్ మీద రాసి ఉండదు, మనమే పట్టుకోవాలి. దానికి ఒక కిటుకుంది. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను మామూలుగా 1 శాతానికి మించి వాడరు. జాబితాలో అది కనబడితే, దాని వెనక వచ్చేవన్నీ 1 శాతమో, ఇంకా తక్కువో అనుకోవచ్చు. ట్యూబు ముందువైపు పెద్ద బొమ్మేసిన వేపాకు చాలాసార్లు అక్కడే, గీత కింద దొరుకుతుంది. జాబితా చివర్లో సీఐ 19140, సీఐ 42090 అని నంబర్లుంటే ఒకటి పసుపు రంగు, ఇంకోటి నీలం రంగు. రెండూ కలిస్తే ఏ రంగొస్తుందో మీకు తెలిసిందే. ఆ పచ్చదనం వేపాకుదే అయ్యుండాలని లేదు.

ఇక ఇవాళ్టి పాఠం. ముఖం మీది జిడ్డును నిజంగా తీసేది ఎవరు?

ఆ పని చేసేవాటిని సర్ఫాక్టెంట్లు అంటారు. ఈ అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెను పట్టుకుంటుంది. అందుకే జిడ్డు నీళ్లతో పాటు జారిపోతుంది. కుంకుడుకాయ రసంలోని సపోనిన్లు చేసేదీ ఇదే పని. ఏ ఫేస్‌వాష్ అయినా దాని గుణమంతా ఈ సర్ఫాక్టెంట్ల ఎంపికలో ఉంటుంది. మిగతావి చిక్కదనానికి, వాసనకు, పాడవకుండా ఉండటానికి, కొంత అమ్ముకోవడానికి.

మీ కాగితం మీద సోడియం లారెత్ సల్ఫేట్ అనో, సోడియం లారిల్ సల్ఫేట్ అనో ఉంటే అది సల్ఫేట్ రకం. బాగా నురగొస్తుంది, జిడ్డును గట్టిగా లాగుతుంది. రెండింట్లో లారెత్ కాస్త మెత్తన, లారిల్ కాస్త కటువు. పేరు చివర బీటైన్, గ్లూకోసైడ్, ఐసెథియోనేట్, గ్లైసినేట్ అని వస్తే మెత్తని రకాలు. కోకామిడోప్రొపైల్ బీటైన్‌ను చాలాసార్లు సల్ఫేట్ పక్కనే వేస్తారు, దాని కటువు తగ్గించడానికి. అందుకని సల్ఫేట్ పేరు కనబడగానే ట్యూబు పారేయక్కర్లేదు, దాని తర్వాత ఎవరున్నారో చూడండి. ఇంతవరకూ తేలికే.

చాలామంది దాటేసి వెళ్లిపోయేది మూడో రకాన్ని. జాబితాలో మిరిస్టిక్ యాసిడ్, స్టియరిక్ యాసిడ్, లారిక్ యాసిడ్ అని రెండు మూడు పేర్లుండి, అదే వరుసలో పొటాషియం హైడ్రాక్సైడ్ ఉందనుకోండి. యాసిడ్ అనే మాట చూసి ఇదేదో మొటిమలకు మందనుకుంటారు కొందరు. కాదు. అవి కొవ్వు ఆమ్లాలు. పొటాషియం హైడ్రాక్సైడ్ క్షారం. తయారీలో రెండూ కలిసి సబ్బవుతాయి. ట్యూబులో ఉన్నది సబ్బే, కాకపోతే క్రీములా మెత్తగా ఉంటుంది. కానీ జాబితాలో కలిపిన పదార్థాల పేర్లు ఉంటాయి కాబట్టి సబ్బు అన్న మాట ఎక్కడా కనబడదు. నురగ దట్టంగా, మీగడలా వస్తుందని మెచ్చుకునే ఫోమ్ ఫేస్‌వాష్‌లు చాలా వరకూ ఈ రకమే.

సబ్బైతే ఏమైంది, అమ్మమ్మ కాలం నుంచీ వాడుతున్నాం కదా అంటారు. వాడొచ్చు. తెలుసుకోవాల్సినవి రెండు. ఒకటి, మన చర్మం పైపొర పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5కు అటూ ఇటూగా ఉంటుంది, సబ్బుది 9 నుంచి 10 దాకా పోతుంది. కడుక్కున్నాక ముఖం చర్మం లాగినట్టుంటే దానికి ఇదొక కారణం. రెండోది హైదరాబాద్ వాళ్లకు మరీ ముఖ్యం: మన నీళ్లు.

నగరంలో కృష్ణా నీళ్లో, మంజీరా నీళ్లో వచ్చే ఇళ్లున్నాయి, బోరు మీదే నడిచే అపార్ట్‌మెంట్లున్నాయి, ఎండాకాలం వస్తే ట్యాంకర్ మీద బతికేవీ ఉన్నాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వీటితో కలిస్తే నీళ్లలో కరగని తెల్లటి తెట్టు తయారవుతుంది. బకెట్ అంచున చారికలా పట్టేది అందులోదే. అదే తెట్టు పల్చగా ముఖం మీద కూడా మిగులుతుంది. ఎంత కడిగినా ముఖం మీద ఏదో అంటుకునే ఉందనో, ఆరాక పొట్టు రేగినట్టుందనో అనిపిస్తే క్రీమును తిట్టేముందు నీళ్లను అనుమానించండి. సల్ఫేట్, బీటైన్, గ్లూకోసైడ్ రకాలు ఇలా తెట్టు కట్టవు.

దీన్ని మీ కళ్లతో చూడండి. ఖాళీ నీళ్ల సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో మూడో వంతు దాకా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో అంతే ఆర్‌ఓ నీళ్లు పోయండి. మామూలు ఒంటి సబ్బును చాకుతో గీకి, వేలి కొసకు అంటినంత పొడి రెండింట్లోనూ వేసి, కాసేపు నాననిచ్చి, మూత పెట్టి గట్టిగా ఊపండి. ఆర్‌ఓ సీసాలో నురగ మెడదాకా లేస్తుంది, అడుగున నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి. మీ కుళాయివి బోరు నీళ్లయితే నురగ పైన పల్చగా లేచి చప్పున చచ్చిపోతుంది, నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడతాయి, ఒక్క నిమిషం ఆగితే చిన్న చిన్న తునకలు తేలతాయి. ఇప్పుడు సీసాలు కడిగేసి, సబ్బు బదులు సల్ఫేట్ రకం ఫేస్‌వాష్ ఒక్కో చుక్క వేసి మళ్లీ ఊపండి. ఈసారి తునకలు రావు.

ఇక్కడ ఒక మాట. ఆర్‌ఓ సర్వీసుకు వచ్చినతను మీటరు ముంచి టీడీఎస్ ఇంత అని చెబుతాడు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నింటి లెక్క, కాఠిన్యం లెక్క, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం లెక్క కాదు. అపార్ట్‌మెంట్లో ఉప్పు వేసే సాఫ్ట్‌నర్ ఉంటే అది కాల్షియాన్ని తీసి ఆ చోట సోడియం పెడుతుంది. టీడీఎస్ పెద్దగా మారదు, సబ్బు మాత్రం నురగొస్తుంది. వాచ్‌మన్ ఉప్పు బస్తా వేయడం మర్చిపోయిన వారం తేడా మీకే తెలుస్తుంది. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500లో కాఠిన్యానికి లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలైన హద్దు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ట్యాంకర్ నీళ్ల రిపోర్టు ఎప్పుడైనా చేతికొస్తే ఆ వరుస చూడండి.

జాబితాలో డైసోడియం ఈడీటీఏ ఉంది కదా, అది కాల్షియాన్ని పట్టేస్తుందట కదా అని అడుగుతారు. పట్టేస్తుంది. కానీ వేసేది చాలా కొంచెం, కుళాయిలోంచి ధారగా వచ్చే కాల్షియానికి అది ఏ మూలకూ చాలదు.

ఇక పోల్చడం. అచ్చంగా ఒక కంపెనీదని కాకుండా, మార్కెట్లో మామూలుగా కనబడే తీరులో నేనే రెండు జాబితాలు కట్టాను.

మొదటి ట్యూబు: నీరు, మిరిస్టిక్ యాసిడ్, గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్, లారిక్ యాసిడ్, పర్‌ఫ్యూమ్, ఫినాక్సీఇథనాల్, వేపాకు సారం. ముందువైపు రాసింది: సల్ఫేట్ ఫ్రీ, వేపతో.

రెండో ట్యూబు: నీరు, సోడియం లారెత్ సల్ఫేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్, గ్లిజరిన్, డెసిల్ గ్లూకోసైడ్, సోడియం క్లోరైడ్, ఫినాక్సీఇథనాల్, పర్‌ఫ్యూమ్. ముందువైపు ఏ గొప్పా లేదు.

అమీర్‌పేటలో ఏ షాపులో అడిగినా కౌంటర్లో అబ్బాయి మొదటిదే చేతికిస్తాడు, "ఇది తీసుకోండి అక్కా, సల్ఫేట్ ఫ్రీ, మైల్డ్‌గా ఉంటది" అని. సల్ఫేట్ లేదన్నది నిజమే. మైల్డ్ అన్నదే తేలాలి. ఇప్పుడు మీరు చదవగలరు కదా, అది సబ్బు. అలాగే సోడియం సీ14-16 ఓలెఫిన్ సల్ఫొనేట్ అని కనబడితే అదీ సల్ఫేట్ కాదు, కానీ గట్టిగానే కడుగుతుంది. రెండో ట్యూబులో సల్ఫేట్ ఉన్నా, బీటైన్, గ్లూకోసైడ్ రెండూ ఫినాక్సీఇథనాల్‌కు ముందే ఉన్నాయి. సోడియం క్లోరైడ్ ఉప్పే, చిక్కదనం కోసం వేసింది. మియాపూర్‌లో బోరు నీళ్లతో ముఖం కడుక్కునేవాళ్లకు నేనైతే రెండోదే చెబుతాను. మొదటిది వాళ్లకు డబ్బు దండగ. మెత్తని నీళ్లొచ్చే ఇంట్లో, బాగా జిడ్డు చర్మం ఉన్నవాళ్లు మొదటిది వాడుకున్నా పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. పొడి చర్మమైతే రెండూ వద్దు, సల్ఫేటూ సబ్బూ లేకుండా గ్లూకోసైడ్, గ్లైసినేట్ పైన ఉన్నది వెతకండి. ఎర్రగా కందడం, దురద, పగుళ్లు ఉంటే లేబుళ్లతో కాలక్షేపం చేయకుండా చర్మ డాక్టరుకు చూపించండి.

వచ్చే పాఠానికి పని: మీ కాగితం మీది ఆరు పేర్లలో సర్ఫాక్టెంట్ల కింద గీత గీసి, పక్కన సబ్బు, సల్ఫేట్, మెత్తనిది అని రాయండి. సీసాల పరీక్ష చేసి ఫలితం కిందే రాసుకోండి. ఇంట్లో ఇంకెవరిదైనా ఫేస్‌వాష్ ఉంటే దానికీ ఇదే చేయండి. నాలుగో పాఠంలో గీత కింది పేర్లు చూద్దాం: పర్‌ఫ్యూమ్, ప్రిజర్వేటివ్‌లు, నిమిషంలో కడిగేసే ఫేస్‌వాష్‌లో నియాసినమైడ్ అనే విటమిన్‌కు ఎంత పని దొరుకుతుందన్న సంగతి.