మావెన్ నేర్చుకుందాం – 4వ పాఠం: బిల్డ్ సక్సెస్, రన్ ఫెయిల్

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే, వాటికి లైబ్రరీలు తెచ్చిపెట్టే మావెన్‌లో ఈసారి ప్లగిన్లు, అంటే దానికి తగిలించే అదనపు పనిముట్లు, మొదలుపెట్టాలి. కానీ మూడో పాఠం చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. ఆ చిక్కు విడదీయకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. ప్లగిన్లు వచ్చే పాఠంలో చూద్దాం.

ఇరుక్కున్నది ఇక్కడ. రెండో పాఠంలో జేసన్ డేటాని చదివే జాక్సన్ లైబ్రరీలోని కోర్ 2.14.2 ను పామ్ ఫైల్లో, అంటే ప్రాజెక్టుకి కావలసిన లైబ్రరీల జాబితా ఉండే ఫైల్లో, పెట్టాం. మూడో పాఠంలో కోర్ మీద ఆధారపడే జాక్సన్ డేటాబైండ్ 2.15.2 చేర్చాం. పాత కోర్ లైనును అలాగే ఉంచినవాళ్లకి ప్యాకేజ్ కమాండ్ కొట్టగానే బిల్డ్ సక్సెస్ అనే వచ్చింది. తీరా రన్ చేస్తే కొన్ని జేసన్ ఫైళ్ల దగ్గర నోసచ్‌మెథడ్ ఎర్రర్ (పిలిచిన మెథడ్ లేదని), దాని పక్కనే స్ట్రీమ్‌రీడ్‌కన్‌స్ట్రెయింట్స్ అనే పొడుగాటి పేరు. 'ఆ మెథడ్‌ని మేం ఎక్కడా వాడలేదు కదా' అని అడిగారు. నిజమే, మీరు వాడలేదు. వాడింది డేటాబైండ్.

కంపైలర్ చూసేది మీరు రాసిన కోడ్‌ని మాత్రమే. డేటాబైండ్ జార్ (లైబ్రరీని కట్టి ఇచ్చే ఫైల్) ఎప్పుడో కంపైల్ అయిపోయి మీ దగ్గరికి వచ్చింది. దాన్ని తయారు చేసినవాళ్లు కోర్ 2.15 ని పక్కన పెట్టుకుని కంపైల్ చేశారు. ఆ మెథడ్ కోర్‌లోకి కొత్తగా వచ్చిందే 2.15 లో. మీ పామ్ ఫైల్ మాత్రం కోర్ 2.14.2 ని పట్టుకుని కూర్చుంది. ఒక మెథడ్‌ని నిజంగా పిలవాల్సి వచ్చినప్పుడే జేవీఎం (జావా ప్రోగ్రాంని నడిపేది) దానికోసం వెతుకుతుంది. అందుకే బిల్డ్ సాఫీగా అయిపోతుంది, టెస్టులూ పాస్ కావచ్చు, ఆ దారిలోకి వెళ్లే డేటా తగిలిన రోజున మాత్రం ప్రోగ్రాం పడిపోతుంది.

అసలు విషయానికి ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. ఈ ఎర్రర్ చూడగానే మీలో చాలామంది మావెన్ డౌన్‌లోడ్ చేసినవి దాచుకునే డాట్ ఎంటూ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశారు. దయచేసి ఆ అలవాటు మానేయండి.

మొదటి కారణం, దానివల్ల ఏమీ మారదు. మావెన్ సెంట్రల్‌లో (లైబ్రరీలు విడుదలయ్యే ఉమ్మడి సర్వర్) ఒకసారి విడుదలైన వెర్షన్‌ని తరువాత ఎవరూ మార్చలేరు. 2.14.2 ని డిలీట్ చేస్తే మళ్లీ డౌన్‌లోడ్ అయ్యేది అక్షరం తేడా లేకుండా అదే 2.14.2. తప్పు పామ్ ఫైల్లో ఉంటే జార్‌ని ఎన్నిసార్లు తెప్పించినా తప్పు అక్కడే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకైతే ఆ రోజు డేటా అంతా దీనికే సరిపోతుంది.

రెండోది నష్టం. ఆ ఫోల్డర్‌లో రిపాజిటరీ, అంటే జార్‌ల నిల్వ, ఒక్కటే ఉండదు. మీ సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్ కూడా అక్కడే ఉంటుంది. ఆఫీసు మిర్రర్ అడ్రసు, ప్రాక్సీ, లాగిన్ వివరాలు అన్నీ అందులోనే. పైగా సెంట్రల్‌లో లేని జార్‌లను, అంటే పక్క టీం మెయిల్‌లో పంపిన జార్‌నో, మీ ఇంకో ప్రాజెక్టునో ఇన్‌స్టాల్ కొట్టి ఉంటే, వాటి కాపీ ఉన్నదీ ఈ రిపాజిటరీలోనే. డిలీట్ చేశాక అవి ఎక్కడినుంచీ వాటంతట అవి రావు. శుక్రవారం సాయంత్రం రిలీజ్ పెట్టుకుని ఈ పని చేసినవాళ్ల టెన్షన్ నేను దగ్గరగా చూశాను.

మరి రిపాజిటరీ జోలికి ఎప్పుడు వెళ్లాలి? డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయినప్పుడు. అప్పుడు ఆ లైబ్రరీ ఫోల్డర్ తెరిస్తే జార్ ఉండాల్సిన చోట లాస్ట్‌అప్‌డేటెడ్ అనే తోక ఉన్న చిన్న ఫైల్ కనిపిస్తుంది. 'ఒకసారి ప్రయత్నించాను, దొరకలేదు' అని మావెన్ రాసిపెట్టుకున్న గుర్తు అది. ఈ గుర్తు ఉంటే కొన్నిసార్లు ఒక రోజు గడిచేదాకా మావెన్ మళ్లీ ప్రయత్నించదు. నెట్ బాగైనా అదే ఎర్రర్ వస్తుంటే, కమాండ్ చివర హైఫన్, క్యాపిటల్ యూ చేర్చండి. అప్పటికీ కుదరకపోతే ఆ ఒక్క వెర్షన్ ఫోల్డర్‌ని తీసేయండి. అంతకు మించి ఏదీ ముట్టుకోవద్దు.

ఇక అసలు విషయం. ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు తారసపడితే మావెన్ ఏది తీసుకుంటుంది? కొత్తది అనుకుంటారు చాలామంది. మావెన్ లాంటి ఇంకో పనిముట్టు గ్రేడిల్ మామూలుగా చేసేది అది. మావెన్ అలా కాదు, మీ ప్రాజెక్టుకి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. మీరు పామ్ ఫైల్లో స్వయంగా రాసింది మొదటి మెట్టు. అది తనతో తెచ్చుకున్నది రెండో మెట్టు. కోర్ 2.14.2 మొదటి మెట్టు మీద ఉంది, డేటాబైండ్ అడిగిన 2.15.2 రెండో మెట్టు మీద ఉంది. అందుకే పాతది నెగ్గింది.

ఇంకోటి చూడండి. మీరు క, ఖ అనే రెండు లైబ్రరీలు పెట్టారు. క నేరుగా గ 1.0 ని తెచ్చింది. ఖ మాత్రం చ ని తెచ్చింది, ఆ చ వెళ్లి గ 3.0 ని తెచ్చింది. 1.0 రెండో మెట్టు, 3.0 మూడో మెట్టు. నెగ్గేది 1.0.

రెండూ ఒకే మెట్టు మీద ఉంటే? పామ్ ఫైల్లో ఎవరి లైను పైన ఉంటే వాళ్లు తెచ్చినదే ఉంటుంది. మావెన్ 2.0.9 వెర్షన్ నుంచి ఇదే నియమం. కాబట్టి చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని డిపెండెన్సీలను (ప్రాజెక్టు ఆధారపడే లైబ్రరీలను) అక్షర క్రమంలో సర్దకండి. ఒక్క వెర్షన్ నంబర్ మారకుండానే క్లాస్‌పాత్ (రన్ చేసేటప్పుడు వాడే జార్‌ల జాబితా) మారిపోవచ్చు. నేనైతే కొత్త డిపెండెన్సీని ఎప్పుడూ చివరనే చేరుస్తాను.

ఎవరు నెగ్గారో ఊహించక్కర్లేదు, మావెన్‌నే అడగొచ్చు. టెర్మినల్‌లో ఎంవీఎన్, ఖాళీ, డిపెండెన్సీ, కోలన్, ట్రీ అని కొట్టండి. ఓడిపోయినవి కూడా కనిపించాలంటే హైఫన్, క్యాపిటల్ డీ, దానికి ఆనించి వెర్బోస్ అని చేర్చాలి. డిపెండెన్సీ ప్లగిన్ 3.2.0 గానీ ఆపైది గానీ ఉండాలి. మన ప్రాజెక్టులో డేటాబైండ్ కింద ఒక లైను బ్రాకెట్లలో కనిపిస్తుంది: జాక్సన్ కోర్ 2.15.2, ఆమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ విత్ 2.14.2, అంటే 2.14.2 తో పోటీ వల్ల వదిలేశాం అని. మీ ఎర్రర్‌కి మూలం ఆ ఒక్క లైనే. ఐడీఈలో (కోడ్ రాసే ఎడిటర్‌లో) కూడా చెట్టు బొమ్మ వస్తుంది, కానీ నేను టెర్మినల్‌నే నమ్ముతాను. సర్వర్‌లో బిల్డ్ నడిపేది అదే కదా.

సరిచేయడం సులువు. కోర్ లైను తీసేస్తే చాలు, డేటాబైండ్ తనకు కావలసినదాన్ని తనే తెచ్చుకుంటుంది. జాక్సన్ మాడ్యూళ్లు రెండు మూడు వాడేవాళ్లు మాత్రం జాక్సన్ బామ్, అంటే అన్ని మాడ్యూళ్లకీ కుదిరే వెర్షన్ల జాబితా, పెట్టుకోండి. డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ భాగంలో బామ్ 2.15.2, టైప్ పామ్, స్కోప్ ఇంపోర్ట్. ఆ తరువాత డిపెండెన్సీల్లో జాక్సన్ వెర్షన్ లైన్లన్నీ తీసేయాలి. బామ్ పెట్టినా అదే ఎర్రర్ వస్తోందని రాసినవాళ్లు ఆగిపోయింది ఇక్కడే. లోపలి మెట్ల మీద వచ్చే వెర్షన్లని బామ్ మారుస్తుంది. మీరు స్వయంగా వెర్షన్ రాసిన లైనుని మాత్రం మార్చదు, అక్కడ మీ మాటే చెల్లుతుంది.

ఎక్స్‌క్లూజన్ అనే పద్ధతి కూడా ఉంది. ఒక లైబ్రరీ తనతో తెచ్చేదాన్ని రాకుండా అది ఆపుతుంది. నేను చాలా అరుదుగా వాడతాను. ఆరు నెలల తరువాత అది ఎందుకు పెట్టారో టీంలో ఎవరికీ గుర్తుండదు. పెట్టక తప్పకపోతే పైన ఒక లైను కామెంట్ రాయండి.

అభ్యాసం ఈసారి కాస్త పెద్దదే. మన చిన్న ప్రాజెక్టు మీద వద్దు. మీరు రోజూ పనిచేసే ప్రాజెక్టు మీద, లేదా సోర్స్ దొరికే ఏదైనా పెద్ద ప్రాజెక్టు మీద వెర్బోస్ చెట్టు తీయండి. ఆమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ అన్న ప్రతి లైనునీ కాగితం మీద రాసుకుని, నెగ్గినది ఏ మెట్టు మీద ఉందో, ఎందుకు నెగ్గిందో పక్కన రాయండి. దగ్గరగా ఉందనా, పైన ఉందనా, మేనేజ్‌మెంట్‌లో రాసి ఉందనా? ఆ తరువాత ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లోని డిపెండెన్సీ కన్వర్జెన్స్ నియమాన్ని (ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు తగిలితే బిల్డ్‌ని ఆపేదాన్ని) పెట్టి వెరిఫై కొట్టండి. బిల్డ్ ఫెయిల్ అవుతుంది, కంగారు పడొద్దు. అది చూపించే జాబితాని మీ కాగితంతో పోల్చుకోండి. ఎక్కడైనా తేడా వస్తే ఆ లైబ్రరీ పేరు, రెండు వెర్షన్లు, చెట్టులోని ఆ కొమ్మ నాకు పంపండి. ఐదో పాఠం ఆ కొమ్మలతోనే మొదలవుతుంది.