నర్సింగ్ హోమ్ కట్టే ముందు ప్లాన్ మీద గాలి దారి గీయండి

గుంటూరులోనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేశాను. చివరి తొమ్మిదేళ్ళు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని, అంటే ఆస్పత్రిలో ఒకరి జబ్బు ఇంకొకరికి సోకకుండా చూసే పని. చేతులు కడుక్కోండమ్మా, మాస్కు పెట్టుకోండి బాబూ అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది. కొన్నాళ్ళకు తెలిసొచ్చింది: చాలాసార్లు తప్పు మనుషులది కాదు, గోడలది. అందుకే ఇప్పుడు ఎవరైనా ఇరవై, ముప్ఫై పడకల నర్సింగ్ హోమ్ కడుతున్నారని తెలిస్తే వెళ్ళి ప్లాన్ చూపించమని అడుగుతున్నాను. గోడ లేచాక చెప్తే ఉపయోగం తక్కువ.

నన్ను ఇలా మార్చింది ఒక ఓపీ హాలు. ఆస్పత్రి పేరు వద్దు. ఒకప్పుడు ఇల్లు అది. హాలుకి మూడు కిటికీలు ఉండేవి. ఏసీలు పెట్టినప్పుడు చల్లదనం పోతుందని మూడూ అద్దాలతో మూసేశారు. దగ్గుతో వచ్చేవాళ్ళూ, పసిపిల్లల తల్లులూ, షుగరు పేషెంట్లూ అందరూ అక్కడే కూర్చునేవాళ్ళు. టోకెన్లు రాసే అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. రెండు నెలలు దగ్గింది. పరీక్ష చేయిస్తే టీబీ. ఆమెకు అక్కడే అంటిందని నేను రుజువు చెయ్యలేను. ఆరు నెలలు మందులు వాడి కోలుకుంది. కానీ ఆ కుర్చీలో రోజుకి తొమ్మిది గంటలు కూర్చోబెట్టింది మనమే కదా అన్న బాధ ఇప్పటికీ పోలేదు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మన ముఖాన కొడుతుంది. ఈ ఒక్క మాట డాక్టరు గారికి, ఇంజనీరుకి, మేస్త్రీకి ముగ్గురికీ అర్థమైతే సగం పని అయినట్టే.

సరే, పని ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. ప్లాన్‌కి ఇంకో జిరాక్స్ తీయించుకోండి. నీలం పెన్సిల్‌తో ప్రతి గదికీ గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అని బాణాలు గీయండి. బాణం లోపలికి వచ్చి ఆగిపోయిన గది ఏదో వెంటనే కనబడుతుంది. మామూలుగా అది మధ్యలో ఇరుక్కున్న జనరల్ వార్డో, మెట్ల కింద ఇంజక్షన్ రూమో అయ్యుంటుంది.

సాధారణ వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల బయటి గాలి అందాలని, టీబీ లాంటి, గాలి ద్వారా సోకే జబ్బులున్నవాళ్ళ గదిలో 160 లీటర్లు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. మేస్త్రీకి లీటర్లు చెప్తే ఏం లాభం? మన దేశంలో టీబీ కార్యక్రమం 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న లెక్క చెప్పండి: తెరుచుకునే జాగా నేల వైశాల్యంలో ఐదో వంతుకు పైగా ఉండాలి, అదీ ఎదురెదురు గోడలకు. 10 అడుగుల 12 అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. కిటికీలూ వెంటిలేటర్లూ కలిపి 24 చదరపు అడుగులు తెరుచుకోవాలి, ఒక్కో వైపు పన్నెండు.

ఇక్కడే అందరూ మోసపోతారు. ఇప్పుడు అంతా స్లైడింగ్ కిటికీలే పెట్టిస్తున్నారు. 4 అడుగుల 4 అడుగుల కిటికీ ప్లాన్ మీద పదహారు చదరపు అడుగులు. రెండు పలకల్లో ఒకటి జరిపితే రెండోది అడ్డమే, కాబట్టి గాలికి మిగిలేది ఎనిమిది. దానికి దోమల మెష్ వేస్తే ఇంకా తగ్గుతుంది. మెష్ వద్దనను. డెంగీ పేషెంటు ఉన్న వార్డులో దోమ రానిస్తే ఇంకో తంటా. అందుకని రెక్కలు పూర్తిగా తెరుచుకునే కిటికీలే పెట్టించండి, కాస్త పెద్దవి పెట్టించండి, మెష్ ఊడదీసి కడిగే వీలుండాలి. దుమ్ము పట్టిన మెష్ గోడతో సమానం.

పైకప్పు ఎత్తు విషయంలో పిసినారితనం వద్దు. పెరూ దేశంలో లీమా నగరపు ఆస్పత్రుల్లో గాలి కొలిచి 2007లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. కిటికీలు తెరిచి ఉంచితే, ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత గదుల్లో గంటకు 40 సార్లు గాలి మారింది. కొత్త కట్టడాల్లో 17 సార్లే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీ శానిటోరియం పెట్టి నూరేళ్ళు దాటింది. టీబీకి సరైన మందు లేని రోజులవి. వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, తిండి. మందులొచ్చాక గాలి సంగతి మనం మర్చిపోయాం.

వాస్తు గురించి కూడా చెప్పాలి. కోస్తాలో సాయంత్రం పూట వచ్చే పైరగాలికి అడ్డంగా దక్షిణం గోడ మొత్తం మూసేసిన ఆస్పత్రులు చూశాను. నమ్మకాన్ని నేను కాదనను. సిద్ధాంతి గారు వచ్చే రోజే నేనూ వస్తానంటాను. ఇద్దరం ప్లాన్ ముందు కూర్చుంటే కిటికీ కాకపోయినా పైన వెంటిలేటరుకి ఒప్పుకున్నవాళ్ళే ఎక్కువ.

ఎంత చిన్న ఆస్పత్రికైనా ఒక్క ఐసొలేషన్ గది, అంటే సోకే జబ్బున్న రోగిని విడిగా ఉంచే గది, ఉండి తీరాలి. వరండా చివర, బాత్రూమ్ లోపలే ఉండేట్టు చూసుకోండి. ఆ గదిలో గాలి గంటకు కనీసం 12 సార్లు మారాలి. లెక్క తేలిక. 10 × 12 × 10 అడుగుల గది 1,200 ఘనపుటడుగులు. పన్నెండు సార్లంటే గంటకు 14,400, అంటే సుమారు 408 ఘనపు మీటర్లు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టె మీద ఈ అంకె రాసి ఉంటుంది. జాలీ, రెక్కలు అడ్డం వచ్చి అసలు లాగేది తగ్గుతుంది కాబట్టి 600 ఉన్నది కొనండి. ఫ్యాన్ రోగి తల వైపు గోడకు ఉండాలి, గాలి తలుపు వైపు నుంచి రావాలి. అలా ఉంటే లోపలికొచ్చిన సిస్టర్‌కి మంచి గాలి వీపు వైపు నుంచి వస్తుంది. ఫ్యాన్ బయటికి వదిలే చోటికి 25 అడుగుల లోపు ఇంకో కిటికీ గానీ మనుషులు కూర్చునే జాగా గానీ ఉండకూడదు. రోగిని పంపాక తలుపు మూసి ఫ్యాన్ నడవనిచ్చి 35 నిమిషాలు ఆగితే ఆ గాలిలో ఉన్నదానిలో వెయ్యికి ఒక వంతే మిగులుతుంది. అప్పుడు ఆయమ్మని తుడవడానికి పంపండి.

ఇది పనిచేస్తోందో లేదో చూడ్డానికి నా దగ్గరున్న పరికరం అగరుబత్తి. తలుపు వేసి, ఫ్యాన్ వేసి, బయట వరండాలో కూర్చుని అగరుబత్తి వెలిగించి తలుపు కింద సందు దగ్గర పట్టుకోండి. పొగ సందులోంచి గదిలోకి పాకితే సరే. నిటారుగా పైకి లేచినా, మీ వైపు వచ్చినా ఆ గది ఐసొలేషన్ గది కాదు. ఒకచోట పొగ నా ముఖం మీదికే వచ్చింది. వెతికితే ఫ్యాన్ తిరగేసి బిగించారు. ఆపరేషన్ థియేటరు దగ్గర పొగ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పోవాలి. థియేటర్లోంచి గాలి బయటికి తోసుకురావాలి, వరండా గాలి లోపలికి పోకూడదు. థియేటరుకి స్ప్లిట్ ఏసీ పెట్టి సరిపెట్టుకోవద్దు. వడకట్టిన గాలి పంపే సిస్టమ్‌కి డబ్బు చాలకపోతే, చాలేదాకా థియేటరు తెరవకండి.

ఇక చేతులు కడిగే చోటు. ఒక వార్డులో ఆఖరి మంచం నుంచి వాష్ బేసిన్‌కి నా అడుగులతో లెక్కపెట్టాను, నలభై రెండు. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ ఇరవై మందిని చూస్తూ ప్రతిసారీ నలభై రెండడుగులు వెళ్ళి రావాలంటే జరిగేది కాదు. బేసిన్ వార్డు గుమ్మంలోనే, లోపలికి అడుగుపెట్టగానే కనబడాలి. కుళాయి మోచేత్తో తిప్పే పొడవు పిడిది పెట్టించండి. శానిటైజర్ సీసాకి ప్రతి మంచం కాళ్ళ వైపు ఒక స్టాండు బిగించండి, చవకైన పని.

బేసిన్ ఎంత మంచిదో అంత ప్రమాదం కూడా. టొరంటోలో ఒక ఆస్పత్రి ఐసీయూలో 2004 చివరి నుంచి 2006 దాకా 36 మందికి మందులకు లొంగని సూడోమోనాస్ అనే బాక్టీరియా సోకింది. అది చేతులు కడుక్కునే సింకు గొట్టంలో కాపురం పెట్టింది. కుళాయి నీళ్ళు సరిగ్గా ఆ రంధ్రం మీదే పడుతున్నాయి. మెరిసే రంగు పోసి చూస్తే తుంపర కనీసం ఒక మీటరు దూరం వెళ్ళింది. పక్కనే మందులు కలిపే బల్ల. సింకులు మార్పించాకే ఆగింది. మీరు చేయాల్సింది ఇది: బేసిన్ లోతుగా ఉండాలి, ధార రంధ్రం మీద కాకుండా పక్కన పడాలి, ఇంజక్షన్లు సిద్ధం చేసే బల్ల మీటరుకు పైగా దూరం ఉండాలి, అంత జాగా లేకపోతే మధ్యలో చిన్న అడ్డుగోడ. కొత్త బేసిన్ చుట్టూ పాత న్యూస్‌పేపర్లు పరిచి కుళాయి పూర్తిగా తిప్పండి. ఏ కాగితం తడిసిందో చూస్తే తెలిసిపోతుంది.

మంచాల మధ్య మీటరు అనేది కనీసం. నేను నాలుగడుగులు అడుగుతాను, అంతకన్నా దగ్గరగా ఉంటే డ్రెస్సింగ్ ట్రాలీ పక్క మంచం దుప్పటికి రాసుకుంటుంది. నేల, గోడ కలిసే మూల గుండ్రంగా తిప్పించండి, మురికి నిలవదు. వార్డుల్లో ఫాల్స్ సీలింగ్ వేయకండి. ఏసీ పైపు కారి పైన చెమ్మ పట్టి బూజు పెరిగినా ఆరు నెలల దాకా ఎవరికీ కనబడదు.

ఎర్ర పెన్సిల్‌తో వాడిన దుప్పట్లు, చెత్త, థియేటరు నుంచి వచ్చే రక్తం అంటిన సామాను ఎటు పోతాయో గీయండి. ఆ గీత క్యాంటీన్ ముందు నుంచో, కడిగిన బట్టల గదిలోంచో పోతే ప్లాన్ మార్చండి. లిఫ్ట్ ఒక్కటే ఉంటే చెత్తకు వేరే టైము పెట్టి, తర్వాత కడిగించండి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం నాలుగు రంగుల సంచుల్లో, డబ్బాల్లో వేరుచేసే చెత్తకీ తాళం వేసే గది కావాలి. ఇప్పటిదాకా నేను చూసిన ప్లాన్లలో దాన్ని ముందే గీసినవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళు చివరికి మెట్ల కింద పెట్టారు.

ఆస్పత్రి నడుస్తుండగా పై అంతస్తు వేసేవాళ్ళకు ఒక మాట. పగలగొట్టిన గోడ దుమ్ములో ఫంగస్ ఉంటుంది. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళకి అది ప్రాణం మీదికి వస్తుంది. పని జరిగే చోటుని కింది నుంచి పై దాకా ప్లాస్టిక్ షీటుతో మూసి టేపు వేయండి, కూలీలకు బయట నుంచే మెట్లు ఇవ్వండి, అలాంటి పేషెంట్లను దూరంగా మార్చండి.

ఇంకొకటి, తుడిచే కర్రలు ఆరబెట్టే చోటు. ఎండ తగిలే డాబా మీద ఒక తీగ, కొళాయి, కాలువ. ప్లాన్ మీద ఆ చదరం గీయించేదాకా నేను లేచి రాను. తడి మాపు బకెట్లోనే రాత్రంతా నానితే, పొద్దున అదే నీళ్ళతో వార్డంతా తుడుస్తారు.