బ్లాగు లింకు పంచేముందు, పంచాక

పోస్టు పబ్లిష్ కాగానే లింకు కాపీ చేసి దొరికిన గ్రూపులన్నింటిలో పడేస్తే నొక్కేవాళ్లు తక్కువ. మీ రాత కంటే ముందు జనానికి కనబడేది లింకుతో పాటు వచ్చే ప్రివ్యూ. పని అక్కడే మొదలుపెట్టండి.

ప్రివ్యూలోని శీర్షిక, వివరణ, బొమ్మ మూడూ పేజీలోని ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల (ప్రివ్యూ కోసం పేజీ కోడులో రాసే వివరాల) నుంచి వస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో యోస్ట్ లాంటి ప్లగిన్ (అదనంగా చేర్చుకునే సాధనం) ఉంటే ట్యాగులు అదే రాసుకుంటుంది, ఫీచర్డ్ ఇమేజ్ (పోస్టు ముఖ్య బొమ్మ) మాత్రం మీరు పెట్టాలి. బొమ్మ 1200 × 630 పిక్సెళ్లలో, 300 కేబీ లోపు ఉండేలా చూసుకోండి. సైజు మరీ పెద్దదైతే వాట్సాప్‌లో బొమ్మ రాకుండా ఒట్టి లింకే మిగలొచ్చు. బొమ్మ మీద అక్షరాలుంటే మధ్యలో, పెద్దగా ఉండాలి. కొన్నిచోట్ల అంచులు కత్తిరించి చూపిస్తారు.

పంచాక శీర్షికో బొమ్మో మార్చినా ఫేస్‌బుక్ పాతదే చూపిస్తుంటుంది, మొదటిసారి తీసుకున్నది దాచుకుంటుంది కాబట్టి. ఫేస్‌బుక్ వాళ్ల షేరింగ్ డీబగ్గర్ అనే సాధనంలో లింకు ఇచ్చి 'స్క్రేప్ ఎగైన్' నొక్కితే కొత్తది తీసుకుంటుంది. లింక్డిన్‌కు ఇలాంటిదే పోస్ట్ ఇన్‌స్పెక్టర్ ఉంది. వాట్సాప్‌లో ఒకసారి వెళ్లిన ప్రివ్యూ మారదు, అందుకే ముందు మీ నంబరుకే పంపుకుని చూసుకోండి.

పేజీ చిరునామా తెలుగులో పెట్టకండి. కాపీ చేసినప్పుడు ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు తొమ్మిదేసి గుర్తులుగా విడిపోయి, శాతం గుర్తులతో బారెడు లింకు తయారవుతుంది. చూసినవాళ్లు స్పామ్ అనుకుంటారు. మూడు నాలుగు మాటలు ఇంగ్లిష్ లిపిలో, మధ్యలో హైఫన్లతో చాలు.

ఇక రాయడం. 'కొత్త పోస్టు పెట్టాను, చదవండి' అన్న వాక్యానికి విలువ లేదు. పోస్టులో పాఠకుడికి బాగా పనికొచ్చే విషయం ఒకటి తీసి, లింకు నొక్కకపోయినా ఉపయోగపడేలా నాలుగైదు వాక్యాల్లో పూర్తిగా చెప్పండి. ఉదాహరణకు మొక్కల గురించిన పోస్టైతే, 'తులసి ఆకులు పసుపెక్కితే ముందు కుండీ అడుగున చిల్లు పూడిందేమో చూడండి' అని మొదలుపెట్టి, నీరు నిలిస్తే వేళ్లు ఎందుకు కుళ్లుతాయో కూడా అక్కడే చెప్పేయండి. మిగతా కారణాల కోసం వాళ్లే వస్తారు.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఉచిత ఖాతాలకు 280 గుర్తుల పరిమితి. లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్క, కానీ ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి: రెండక్షరాల 'లక్ష్మి' అక్కడ ఏడు. ఇన్‌స్టాగ్రామ్ మామూలు పోస్టుల క్యాప్షన్‌లో లింకు పెట్టినా నొక్కడానికి పనిచేయదు. బయోలో పెట్టాలి, లేదా స్టోరీలో లింక్ స్టిక్కర్ వాడాలి. స్టోరీ 24 గంటల్లో పోతుంది, హైలైట్స్‌లో చేర్చితే నిలుస్తుంది.

గ్రూపుల్లో లింకులకు అనుమతి ఉందో లేదో నియమాలు చదవండి. ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు ముందు జవాబు పూర్తిగా రాసి, అడుగున లింకివ్వడం అన్నిటికన్నా మంచి పద్ధతి. అలా వచ్చినవాళ్లు నిజంగా చదువుతారు.

ఎక్కడి నుంచి ఎంతమంది వస్తున్నారో తెలియాలంటే లింకు చివర యూటీఎం ట్యాగులు (పాఠకుడు ఏ చోటు నుంచి వచ్చాడో చెప్పే చిన్న గుర్తులు) చేర్చండి. వాట్సాప్ నుంచి వచ్చేవాళ్లు అవి లేకపోతే గూగుల్ అనలిటిక్స్‌లో (సందర్శకుల లెక్కలు చూపే సాధనం) చాలావరకు 'డైరెక్ట్' (నేరుగా వచ్చినవాళ్లు) కింద కలిసిపోతారు. ట్యాగులో సోర్స్ పేరు (ఎక్కడి నుంచి వచ్చారన్నది) ఎప్పుడూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయండి. ఒకసారి పెద్ద అక్షరం వాడితే అది వేరే సోర్స్‌గా లెక్కకెక్కుతుంది. బ్లాగులో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చే లింకులకు మాత్రం ఈ ట్యాగులు తగిలించొద్దు, పాఠకుడు ఎక్కడి నుంచి వచ్చాడన్న లెక్క చెడిపోతుంది.