బైక్ అల్లాయ్ వీల్స్ రుద్దే ముందు ఇవి చూస్కోండి

ఆటోనగర్‌లో ఇచ్చేస్తే వాళ్లే మెరిపించి ఇస్తారు, కాదు ఇంట్లోనే చేస్కుంటా అంటే మాత్రం ఇవి చదవండి.

- క్రోమ్ ప్లేటింగ్ వీల్ అయితే అసలు ముట్టుకోకండి, రుద్దితే పొర లేచిపోతుంది అంతే.

- బీట ఉందేమో రిమ్ లోపలివైపు కూడా చూడండి. ఉంటే పాలిష్ కాదు, వీల్ మార్చడమే.

- వీల్ విప్పి కింద పెట్టుకునే చెయ్యండి. కొంతమంది బైక్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆన్ చేసి, గేర్‌లో చక్రం తిరుగుతుంటే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ఆనించి పట్టుకుంటారు, అది మహా డేంజర్, చైన్‌లో వేలు పడితే ఇంక అంతే సంగతులు.

- అల్యూమినియం పొడి మంటపట్టే సరుకు. అందుకే నీళ్లతో తడుపుతూ రుద్దండి, పొడిగా రుద్దాల్సొస్తే మాస్కు, కళ్లద్దాలు ఉండాల్సిందే, పక్కన ఎవరైనా గ్రైండర్‌తో ఇనుము కోస్తుంటే నిప్పురవ్వలు ఇటు పడతాయి కాబట్టి ఆ చోటు వద్దు.

- బఫింగ్ మెషిన్ (తిరుగుతూ మెరుపు తెచ్చేది) పట్టే ముందు చొక్కా వదులు చేతులు పైకి మడవండి, గుడ్డ గ్లవ్స్ తీసెయ్యండి, దుర్గమ్మ గుడిలో కట్టించుకున్న దారం కూడా మణికట్టు మీద వేలాడకూడదు. మెషిన్‌కి భక్తి తెలీదు కదా.

- నట్టు కూర్చునే చోటు, టైరు అంచు పట్టే చోటు అస్సలు రుద్దొద్దు.

- 400 నంబరు నుంచి మొదలెట్టి 600, 1000, 2000 వరకు వాటర్ పేపర్లు ముందే తెచ్చుకోండి, మధ్యలో ఒకటి ఎగ్గొడితే గీతలు పోవు.

- బెజవాడ ఎండలో వద్దు బాబూ, పాలిష్ పేస్టు ఎండి అట్టకడుతుంది, నీడలోనే.