పెద్ద కిడ్నీ రాళ్లకు పీసీఎన్‌ఎల్: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా జాగ్రత్తలు

కిడ్నీలో రాయి రెండు సెంటీమీటర్లు దాటినప్పుడు, లేదా జింక కొమ్ముల్లా కొమ్మలు వేసి కిడ్నీ లోపలి గదులన్నిటినీ ఆక్రమించినప్పుడు, యూరాలజిస్టులు సాధారణంగా మొదట సూచించే శస్త్రచికిత్స పీసీఎన్‌ఎల్ (పర్‌క్యుటేనియస్ నెఫ్రోలిథాటమీ). నడుము పైభాగాన, వీపు వైపు నుంచి సుమారు ఒక సెంటీమీటరు గాటు పెట్టి, ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్ చూస్తూ సూదిని నేరుగా కిడ్నీలోకి పంపుతారు. ఆ దారిని క్రమంగా వెడల్పు చేసి, అందులోంచి నెఫ్రోస్కోపు (కిడ్నీ లోపల చూసే గొట్టం లాంటి పరికరం) పంపి, రాయిని కళ్లారా చూస్తూ లేజర్‌తోనో అల్ట్రాసోనిక్ పరికరంతోనో పగలగొట్టి, ముక్కలను బయటికి తీస్తారు. స్వీడన్‌కు చెందిన ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ అనే వైద్యులు ఇలా రాళ్లు తీయవచ్చని 1976లో ప్రచురించారు. అంతకుముందు పెద్ద రాయికి పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టి కిడ్నీని తెరవవలసి వచ్చేది.

గాటు చిన్నది కావడం వల్ల చాలామంది రోగులు, వారి కుటుంబసభ్యులు దీన్ని తేలికైన పనిగా భావించి, ముందస్తు పరీక్షలను కేవలం లాంఛనంగా చూస్తారు. గుండె ప్రతి నిమిషం పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు రెండు కిడ్నీలకే వెళుతుంది. అంత రక్తప్రసరణ ఉన్న అవయవంలోకి దారి తెరుస్తున్నప్పుడు రెండు ప్రమాదాలు ప్రధానంగా పొంచి ఉంటాయి: రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్. సర్జన్ నైపుణ్యం ఎంత ఉన్నా, ఈ రెండింటినీ తగ్గించే పనిలో గణనీయమైన భాగం ఆపరేషన్‌కు ముందరి రెండు వారాల్లోనే జరగాలి, అందులో రోగి చేయవలసినదీ చాలా ఉంది.

మొదటిది మూత్రం కల్చర్ పరీక్ష. సాధారణ మూత్ర పరీక్షతో సరిపెట్టుకోకూడదు, ఏ బ్యాక్టీరియా ఉన్నదో, దానిమీద ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో కల్చర్‌లోనే తెలుస్తుంది. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, బ్యాక్టీరియా కనిపిస్తే దానికి తగిన మందు వాడవలసి ఉంటుంది కాబట్టి ఈ పరీక్షను ఆపరేషన్ తేదీకి ముందు రోజు చేయించడం వల్ల ప్రయోజనం లేదు, కనీసం వారం పది రోజులు ముందుగా చేయించాలి. నమూనా ఇచ్చేటప్పుడు ఆ భాగాన్ని శుభ్రం చేసుకుని, మొదట వచ్చే కొద్ది మూత్రాన్ని వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని స్టెరైల్ డబ్బాలో పట్టాలి. ఇంట్లో మిగిలి ఉన్న యాంటీబయాటిక్ బిళ్లలను ఆ సమయంలో వేసుకుంటే పరీక్ష తప్పు ఫలితం చూపవచ్చు. వైద్యులు మందు రాసిస్తే, మంట తగ్గిపోయినా చెప్పినన్ని రోజులూ వాడాలి.

కల్చర్ శుభ్రంగా వచ్చినా పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇన్‌ఫెక్షన్ వల్ల ఏర్పడే స్ట్రూవైట్ రాళ్లలో బ్యాక్టీరియా రాయి పొరల మధ్యే దాగి ఉంటుంది, మూత్రంలో కనబడకపోవచ్చు. రాయిని పగలగొట్టినప్పుడు అది విడుదలవుతుంది. చూపు స్పష్టంగా ఉండటం కోసం కిడ్నీలోకి పంపే ద్రవం ఒత్తిడి పెరిగితే, ఆ బ్యాక్టీరియాతో పాటు దాని విషపదార్థాలు కూడా రక్తంలోకి చేరతాయి. అందుకే ఆపరేషన్‌కు ముందు ఒక యాంటీబయాటిక్ మోతాదు ఇస్తారు, తీసిన రాయి ముక్కను కూడా కల్చర్‌కు పంపించడం మంచిది. గతంలో మూత్ర ఇన్‌ఫెక్షన్లు తరచుగా వచ్చినవారు, మధుమేహం ఉన్నవారు, ఇదివరకే మూత్రనాళంలో స్టెంట్ (మూత్రం దిగడానికి లోపల ఉంచే సన్నని గొట్టం) లేదా వీపు వైపు ట్యూబ్ పెట్టించుకున్నవారు ఆ సంగతిని వైద్యులు అడగకముందే చెప్పాలి.

రాయి అడ్డుపడి కిడ్నీలో మూత్రం నిలిచిపోయి, అక్కడ ఇన్‌ఫెక్షన్ కూడా చేరి, చలిజ్వరం వస్తున్న పరిస్థితి వేరు. అప్పుడు రాయిని వెంటనే తీసేయమని పట్టుబట్టడం ప్రమాదకరం. ముందు స్టెంట్ ద్వారానో, వీపు వైపు పెట్టే సన్నని ట్యూబ్ ద్వారానో చీము, మూత్రం బయటికి పోయే దారి ఏర్పరచి, ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గిన తర్వాతే రాయి పని చూడాలి. రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లవలసి రావడం కుటుంబానికి భారమే, అయినా ఈ వాయిదా ప్రాణాన్ని కాపాడే వాయిదా అని నా గట్టి అభిప్రాయం.

ఇక రక్తస్రావం విషయం. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడుతున్నవారు ఆ మందుల పేర్లు, మోతాదులు, వాటిని ఎందుకు మొదలుపెట్టారన్న కారణం ఒక కాగితం మీద రాసుకుని యూరాలజిస్టుకు, మత్తుమందు వైద్యులకు ఇద్దరికీ చూపించాలి. వార్ఫరిన్‌ను సాధారణంగా ఐదు రోజుల ముందు, క్లోపిడోగ్రెల్‌ను ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు. అపిక్సాబాన్, రివరోక్సాబాన్ వంటి కొత్త మందుల విషయంలో ఈ వ్యవధి తక్కువ, అయితే కిడ్నీ పనితీరు తగ్గినవారిలో అవి శరీరంలో ఎక్కువసేపు నిలిచి ఉంటాయి కాబట్టి లెక్క మారుతుంది. తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను కొందరిలో ఆపుతారు, గుండె ప్రమాదం ఎక్కువగా ఉన్న కొందరిలో కొనసాగిస్తారు. ఇవన్నీ వైద్యులు నిర్ణయించవలసినవి. గుండెలో స్టెంట్ ఉన్నవారు, కృత్రిమ కవాటం ఉన్నవారు ఎవరో చెప్పారని ఈ మందులను సొంతంగా ఆపేస్తే, కిడ్నీలో రక్తస్రావం తప్పినా గుండెపోటో పక్షవాతమో రావచ్చు. మందు ఆపడానికి వీల్లేని వారికి మూత్రమార్గం గుండానే సన్నని వంగే స్కోపు పంపి లేజర్‌తో రాయిని పొడి చేసే ఆర్‌ఐఆర్‌ఎస్ పద్ధతి ఉంది. పెద్ద రాయికి అది ఒక్కసారితో పూర్తికాకపోవచ్చు, అయినా ఆ అవకాశం గురించి అడగడం మేలు.

రాయి నొప్పికి నెలల తరబడి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు వేసుకుంటున్నవారు వాటిని మందుల కింద లెక్కగట్టక చెప్పడం మరిచిపోతారు. అవి రక్తం గడ్డకట్టే ప్రక్రియను మందగింపజేస్తాయి, కిడ్నీ మీద అదనపు భారం కూడా పడుతుంది. చేపనూనె గుళికలు, మూలికా మందులు సైతం జాబితాలో ఉండాలి. రక్తపోటును ముందుగానే అదుపులోకి తెచ్చుకోవాలి, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది), బ్లడ్ గ్రూపు పరీక్షలు చేయించాలి. ఎక్కువమందికి రక్తం ఎక్కించవలసిన అవసరం రాదు, అయినా సరిపడే రక్తం అందుబాటులో ఉందో లేదో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి.

కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టత కోసం రక్తనాళంలోకి ఎక్కించే మందు) లేకుండా తీసే సీటీ స్కాన్ రాయి పరిమాణంతో పాటు పెద్దపేగు, ఊపిరితిత్తుల పొర, కాలేయం, ప్లీహం కిడ్నీకి ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూపిస్తుంది. కొందరిలో పెద్దపేగు కిడ్నీ వెనుకగా ఉంటుంది, అది తెలియకుండా సూది వేస్తే పేగుకు గాయమవుతుంది. పాత స్కాన్ నెలల కిందటిదైతే కొత్తది అవసరమా అని అడగండి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఎక్స్‌రే, సీటీ కంటే ముందే చెప్పాలి. గర్భిణులకు సాధారణంగా ఈ ఆపరేషన్‌ను ప్రసవానంతరానికి వాయిదా వేసి, అవసరమైతే స్టెంట్‌తో తాత్కాలిక ఉపశమనం కలిగిస్తారు.

మధుమేహానికి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ వాడుతున్నవారు ఆ విషయాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. వీటిని కనీసం మూడు రోజుల ముందు ఆపుతారు, ఎందుకంటే ఉపవాసంలో ఇవి కొనసాగితే రక్తంలో చక్కెర మామూలుగానే కనిపిస్తూ కీటో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. ఉపవాసానికి సాధారణ నియమం ఘనాహారం ఆరు గంటలు, పారదర్శకమైన ద్రవాలు రెండు గంటలు, అయితే మీ మత్తుమందు వైద్యులు చెప్పిన సమయాన్నే పాటించాలి. ఈ ఆపరేషన్ తరచుగా బోర్లా పడుకోబెట్టి చేస్తారు కాబట్టి దగ్గు, ఆయాసం, గురక, మెడ కదలికలో ఇబ్బంది, లేటెక్స్ లేదా మందుల అలర్జీ ఉంటే దాచకూడదు. పొగతాగే అలవాటును వీలైనన్ని వారాల ముందే మానేస్తే ఊపిరితిత్తులకు మేలు.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు కొన్ని విషయాలు స్పష్టంగా అడగాలి. ఒకే దారి సరిపోతుందా, రెండో దారి తెరవవలసి వస్తుందా, ఏ ముక్కైనా మిగిలితే ఏం చేస్తారు, వీపున ట్యూబ్ ఉంచుతారా, లోపల డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే స్టెంట్) వేస్తారా, వేస్తే ఏ తేదీన తీస్తారు అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. ఒకే కిడ్నీతో జీవిస్తున్నవారు ఈ ప్రశ్నలను మరింత లోతుగా అడగవలసి ఉంటుంది.

ఇంటికి వచ్చాక కొద్ది రోజులు మూత్రం లేత ఎరుపుగా రావడం, స్టెంట్ ఉంటే తరచూ మూత్రానికి వెళ్లాలనిపించడం, మూత్రం పోసేటప్పుడు డొక్కలో నొప్పి రావడం మామూలే. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, వణుకు, అయోమయం, గుండెదడ కనిపిస్తే పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా ఎదురుచూడకూడదు, అది రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకుతున్న సూచన కావచ్చు. ఆయాసం, ఛాతీలో నొప్పి, కాలి పిక్కలో వాపు, మూత్రం పూర్తిగా ఆగిపోవడం కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలే.

మూత్రం రంగు మామూలైపోయిన తర్వాత, ఒకటి నుంచి మూడు వారాల మధ్య, ఉన్నట్టుండి చిక్కటి ఎరుపు రంగులో, గడ్డలతో రక్తం పడటం కొందరిలో జరుగుతుంది. గాయపడిన ధమని గోడ ఉబ్బి పగలడం, లేదా ధమనికి సిరకు మధ్య అసహజమైన దారి ఏర్పడటం దీనికి కారణం. అవసరమైతే తొడ లేదా మణికట్టు ధమని గుండా సన్నని గొట్టం పంపి, రక్తం కారే చోటును మూసివేసే చికిత్స ఉంది, దానికి సమయం ముఖ్యం. అందుకే కనీసం రెండు నుంచి నాలుగు వారాలు బరువులు ఎత్తకుండా, మలబద్ధకంతో ముక్కకుండా జాగ్రత్తపడాలి, ఆపిన రక్తాన్ని పలుచబరిచే మందును ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ మూడు వారాల్లో ఆసుపత్రికి దూరంగా ప్రయాణాలు పెట్టుకోకపోవడం మంచిది.

స్టెంట్ తీసే తేదీని రోగితో పాటు ఇంట్లో మరొకరు కూడా గుర్తుంచుకోవాలి. నొప్పి లేదని నెలల తరబడి వదిలేసిన స్టెంట్ మీద రాళ్లు పేరుకుపోతాయి, అప్పుడు దాన్ని తీయడానికే మళ్లీ శస్త్రచికిత్స అవసరమవుతుంది. డిశ్చార్జ్ కాగితాల్లో ఆ తేదీ లేకపోతే ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే రాయించుకోండి, తీసిన రాయిని రసాయన విశ్లేషణకు పంపారో లేదో కూడా అప్పుడే అడగండి.