నాడాలు తీయాలా, ఉంచాలా? డెక్క పాడైన గుర్రానికి సమస్య - పరిష్కారం

"డెక్క పగిలిపోతంది, నాడాలు తీసీమంటావేటి బాబూ?" విజయనగరం చుట్టుపక్కల పెళ్లి గుర్రాలు పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే మాట ఇది. గుర్రాల డెక్కలకి ఇనప నాడాలు కొట్టే పని నాది. అడిగిన ప్రతివాళ్లకీ ముందు కాలు ఎత్తి చూద్దాం అనే చెబుతాను. కొన్ని డెక్కలు నాడా తీస్తేనే బాగుపడతాయి. కొన్నింటికి తీస్తే గుర్రం నాలుగు అడుగులు కూడా వెయ్యలేదు. ఏది ఏ రకమో పైపగులు చూస్తే తెలీదు, డెక్క కిందిభాగం చూడాలి.

కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు గీకి మట్టి, లద్దె తీసెయ్యండి. చుట్టూ గట్టి గోరు, లోపల అరికాలు, మడమ దగ్గర మొదలై ముందుకు కోసుగా వచ్చే మెత్తటి ముక్కోణం కనిపిస్తాయి. గోరు, అరికాలు కలిసేచోట లేత పసుపు గీత ఉంటుంది. ఈ నాలుగూ రోజూ చూసుకునేవాళ్లకి జబ్బు ముదిరేదాకా రాదు.

గోరు అంచు పెళుసుగా విరుగుతోంది, మేకులు నిలవడం లేదు

ఎక్కువసార్లు కారణం ఆలస్యమే. 6 నుంచి 8 వారాలకోసారి నాడా తీసి, పెరిగిన గోరు కోసి, మళ్లీ కొట్టాలి. ముహూర్తాల హడావిడిలో మూడు నెలలు వదిలేస్తారు. డెక్క ముందుకు సాగుతుంది, అడుగు వేసినప్పుడల్లా మేకుల దగ్గర లాగుతుంది, గోరు చీలుతుంది. దీనికి తోడు వానాకాలం రాత్రంతా బురదలో నానడం, పగలు ఎండలో బిగుసుకోవడం. నానుతూ ఎండుతూ ఉన్న గోరు తొందరగా పగులుతుంది.

గోరు నెలకి 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మేకు చివర సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తులో బయటికి వస్తుంది. అంటే ఆ పాత బెజ్జాలు కిందికి దిగిపోవడానికి రెండు, మూడు నెలలు కావాలి. అంతలోపు అదే చోట మళ్లీ కొట్టడం చెదపట్టిన చెక్కలో మేకు దిగ్గొట్టినట్టే ఉంటుంది.

సాగిన ముందు భాగాన్ని ఆకురాయితో వెనక్కి తగ్గించాలి. పశువుల డాక్టరు చెప్తే బయోటిన్ అనే విటమిన్ పెట్టొచ్చు, రోజుకి 15 నుంచి 20 మిల్లీగ్రాములు. ఫలితం కొత్తగా దిగే గోరులోనే కనిపిస్తుంది కాబట్టి ఆరునెలలైనా ఆగకుండా పెట్టాలి. కాలిన ఇంజనాయిలు పూసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి. పగులు కింది నుంచి పైకి పోతుంటే కోతతో సర్దుకుంటుంది. వెంట్రుకలు మొదలయ్యే చోటు నుంచి కిందికి దిగినా, నెత్తురు కనిపించినా డాక్టరు చూడాల్సిందే.

ముక్కోణం పక్కన నల్లటి జిగురు, కుళ్లు వాసన

లద్దె, మూత్రం కలిసిన తడినేల మీద నిలబెట్టడమే కారణం. శుభ్రంగా గీకి, కడిగి, పూర్తిగా ఆరాక పోవిడోన్ అయోడిన్‌లో ముంచిన దూదిని పక్క గాడుల్లో పెట్టాలి. మైలుతుత్తం పలచగా కలిపి వాడొచ్చు, పచ్చిపుండు ఉంటే మాత్రం వద్దు. పాకలో నేల ఆరకపోతే ఏ మందూ పనిచెయ్యదు. పసుపు గీత దగ్గర గోరు పిండిలా రాలి లోపల డొల్లగా ఉంటే అది వేరే జబ్బు. డొల్ల అయిన మేర కోసి గాలి తగలనివ్వాలి. ఆ కోత తెలిసినవాళ్లతోనే చేయించండి.

నిన్న బాగానే ఉంది, ఇవాళ కాలు మోపడం లేదు

లోపల చీము పట్టి ఉంటుంది, లేదా మేకు లోపలి మెత్తటి భాగానికి తగిలి ఉంటుంది. డెక్క వేడిగా ఉంటుంది. మడమ పైన కీలు వెనకపక్క, రెండు వైపులా వేలు పెడితే నాడి గట్టిగా కొట్టుకుంటుంది. మామూలప్పుడు అది దొరకడమే కష్టం.

ఒకసారి నెల్లిమర్ల వైపు ఒక తెల్ల ఆడగుర్రాన్ని చూడమని పిలిచారు. సాయంత్రం ఊరేగింపు, అడ్వాన్సు తీసుకున్నారు, నొప్పి మాత్ర వేసి పంపేద్దామంటున్నారు. అయిదు రోజుల క్రితమే నాడా కొట్టించారట. నేను ఒక్కో మేకూ విడిగా లాగాను. మూడు పొడిగా వచ్చాయి. నాలుగోదాని మొన తడిగా, బూడిదరంగు చీముతో వచ్చింది. బెజ్జంలోంచి ఇంకో చుక్క కారింది, వెంటనే గుర్రం పెద్దగా ఊపిరి వదిలింది. ఆ రాత్రి అది ఊరేగింపుకి వెళ్లలేదు. గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ కలిపి రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున నానబెట్టి, దూది పెట్టి, పైన పిల్లల డైపర్ చుట్టి టేపు వేశాం. ధనుర్వాతం సూది డాక్టరుతో వేయించారు. ఇలాంటి కాలికి నాడా తీసి తీరాలి, ఆలోచించే పని లేదు.

రోడ్డు మీది మేకు అరికాల్లోకి గుచ్చుకుంటే మాత్రం లాగకండి. ఎంత లోతుకి, ఏ వైపుకి దిగిందో డాక్టరు చూశాకే తియ్యాలి.

ముందు కాళ్లు రెండూ ముందుకు చాచి, వెనక్కి వాలి నిలబడింది

ఇది అన్నిటికంటే ప్రమాదం. గోరుని లోపలి ఎముకతో పట్టి ఉంచే పొర వాచింది. పెళ్లివారు ప్రేమకొద్దీ పెట్టే బెల్లం, గుర్రం తాడు తెంపుకుని బస్తాలో తినేసిన ధాన్యం, కొవ్వెక్కిన ఒళ్లు, గట్టి రోడ్డు మీద గంటలకొద్దీ గెంతించడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నడిపించకండి. గింజలు ఆపి, డెక్కలు చల్లటి నీళ్లలో, దొరికితే ఐసు నీళ్లలో ఉంచి, కింద మందంగా ఎండుగడ్డి పరిచి డాక్టరుని పిలవండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఇక్కడ నాడా తియ్యాలో వద్దో డాక్టరే చెప్పాలి. సుత్తి దెబ్బలు కూడా ఆ కాలు ఓర్చుకోలేదు.

మరి నాడాలు ఎప్పుడు తియ్యొచ్చు?

బొటనవేలితో అరికాలిని గట్టిగా నొక్కండి. లోపలికి అణిగితే అది పలచన, నాడా తియ్యకండి. రాయిలా ఉండి, మేకులు పట్టని గోరు, రెండు మూడు నెలల విశ్రాంతి కూడా ఉంటే తీసెయ్యడమే మేలు.

మన దగ్గర చాలామంది ఆషాఢంలో పెళ్లిళ్లుండవని అప్పుడు తీయిస్తారు. నాకది నచ్చదు. తొలకరికి నేల మెత్తబడి, డెక్క నాని ఉంటుంది, అరికాలు గట్టిపడే వీలుండదు. ధనుర్మాసం మొదట్లో తీస్తే మాఘం ముహూర్తాల దాకా వ్యవధి దొరుకుతుంది, కోతలైపోయిన పొలాలు పొడిగా ఉంటాయి. బెజ్జాలు పూర్తిగా దిగడానికి ఆ వ్యవధి చాలదు. అందుకే మొదట వెనక కాళ్ల నాడాలే తీస్తాను. గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. వెనక కాళ్లు నిలదొక్కుకున్నాక ముందువాటి సంగతి చూడొచ్చు.

తీసేటప్పుడు మడిచిన మేకు మొనలని ఆకురాయితో అరగదీసి, మేకులు ఒక్కొక్కటిగా లాగండి. నాడాని ఒక్కసారిగా పెకలిస్తే పెళుసు గోరు ముక్కలై దానితో వచ్చేస్తుంది. తర్వాత అంచు గుండ్రంగా రుద్దాలి. అరికాలిని కత్తితో చెక్కొద్దు, ఇప్పుడు గుర్రానికి ఉన్న చెప్పు అదే.

మొదటి వారం పొలంలో, చంపావతి ఏటి ఇసుకలో పావుగంట నడిపిస్తే చాలు, తారు రోడ్డు ఎక్కించొద్దు. రోజూ ఒకే చోట, ఒకే వేగంతో నడిపించి అడుగు పొడవు చూడండి. పది రోజులకీ మట్టి మీద కూడా చిన్న చిన్న అడుగులే వేస్తుంటే ఆ డెక్క ఇంకా సిద్ధం కాలేదు. బెజ్జాలు లేని చోటు చూసి మళ్లీ నాడా కొట్టించండి.