పాత గేమింగ్ మౌస్ స్థానంలో కొత్తది: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

ఏళ్ల తరబడి వాడిన మౌస్ పోయాక కొత్తది తెస్తే, చెయ్యి దాన్ని వెంటనే ఒప్పుకోదు. కానీ "నప్పలేదు" అని పక్కన పెట్టేసిన మౌస్‌లలో చాలావాటికి తేడా ఆకారంలో ఉండదు. డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే కర్సర్ ఎన్ని పిక్సెళ్లు నడుస్తుందన్న అంకె), లిఫ్ట్ ఆఫ్ దూరం (ఎంత ఎత్తుకు లేపేదాకా మౌస్ కదలికను చూస్తుందో ఆ ఎత్తు), బరువు, కదలికను చూసే సెన్సర్ ఉన్న చోటు... వీటిలో ఏదో ఒకటి మారి ఉంటుంది. ఇవన్నీ కొలవదగ్గవే. అందుకే ఇంకో మోడల్ కోసం వెతకడానికి ముందు, మారింది ఏమిటో పట్టుకోవాలి.

ఒకసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడుతున్నాయి (పాత మౌస్)

దీనికోసం మౌస్ మార్చక్కర్లేదు. బటన్ కింద ఉండే మైక్రోస్విచ్‌లో సన్నటి రాగి రేకు ఉంటుంది. లక్షల క్లిక్‌ల తర్వాత అది బిగువు కోల్పోతుంది, తాకే చోట మసి పడుతుంది. అప్పుడు ఒక్క నొక్కుకే రేకు రెండుసార్లు అదిరి తాకుతుంది. లాగుతున్న ఫైలు మధ్యలో జారిపోతోందన్నా జబ్బు ఇదే.

మౌస్ అడుగున ఉన్న జారుడు పట్టీల కింద స్క్రూలు దాగి ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో అర నిమిషం వెచ్చచేస్తే పట్టీ చిరగకుండా లేస్తుంది. పైకప్పును ఒక్కసారిగా లాగకండి, లోపల రెండు భాగాలనూ కలిపే పల్చటి రిబ్బన్ కేబుల్ ఉండొచ్చు. చాలా పాత మౌస్‌లలో ఉండేది మూడు కాళ్ల ఆమ్రాన్ డీ2ఎఫ్‌సీ-ఎఫ్-7ఎన్ రకం స్విచ్. అదే కొలతలో కైల్ జీఎం 8.0, హువానో స్విచ్‌లు కూడా సరిపోతాయి. పాత టంకం మీద కాస్త కొత్త టంకం కరిగించి, ఆ తర్వాత పీల్చి తీస్తే కాళ్లు సులువుగా వదులుతాయి. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్కో కాలు మీద మూడు సెకన్లకు మించి పెట్టకండి, లేదంటే బోర్డు మీది రాగి గీత ఊడి వస్తుంది. కొత్త స్విచ్ మీది చిన్న బొడిపె పాతది ఎటువైపు ఉండేదో అటే ఉండాలి. ఎడమ, కుడి రెండూ ఒకేసారి మార్చండి, ఒక్కటే మారిస్తే రెండు వేళ్లకూ రెండు రకాల నొక్కుడు తగులుతుంది. క్లిక్‌ను కాంతితో పట్టుకునే ఆప్టికల్ స్విచ్‌లు మాత్రం ఇలాంటి బోర్డులో పనిచేయవు. వాటి సర్క్యూటే వేరు.

స్క్రోల్ గెంతుతోంది, లేదా కదిపితే మౌస్ ఆగిపోతోంది

స్క్రోల్ వెనక్కీ ముందుకీ గెంతితే లోపం చక్రం తిరుగుడును లెక్కపెట్టే ఎన్‌కోడర్‌ది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క వేసి చక్రాన్ని యాభైసార్లు తిప్పి చూడండి. దానికీ లొంగకపోతే ఎన్‌కోడర్ మార్చాలి. ఎన్‌కోడర్‌లు వేర్వేరు ఎత్తుల్లో వస్తాయి కాబట్టి బోర్డు నుంచి చక్రం ఇరుసు రంధ్రం దాకా ఉన్న ఎత్తు కొలిచాకే కొనండి. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా చక్రం కూర్చోదు.

కదిపితే మౌస్ ఆగిపోతుంటే లోపం కేబుల్‌ది, అది దాదాపు ఎప్పుడూ మౌస్ మూతి దగ్గరే తెగుతుంది. కొత్త కేబుల్ వేసేటప్పుడు వైర్ల రంగులను నమ్మకండి. పాత ప్లగ్‌లో ఏ వైరు ఎన్నో స్థానంలో ఉందో ఫొటో తీసి, అదే వరసలో అమర్చండి.

వేగంగా తిప్పితే కర్సర్ దారి తప్పుతోంది

దీనికి మాత్రం రిపేరు లేదు. మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ 3.0 కాలపు సెన్సర్లు సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగానికే చేతులెత్తేసేవి. తక్కువ సెన్సిటివిటీతో (చేతి కదలికకు గేమ్‌లో చూపు ఎంత తిరగాలన్న అంకె) ఆడేవాళ్లు మోచేత్తో విసురుగా తిప్పినప్పుడు చూపు నేలకో ఆకాశానికో అతుక్కుపోయేది. ఇప్పటి పిక్స్‌ఆర్ట్ 3395 సెన్సర్ 650 ఐపీఎస్ (సెకనుకు అంగుళాలు), అంటే సెకనుకు 16 మీటర్లకు పైనే తట్టుకుంటుంది. మనిషి చెయ్యి దాని అంచు దాకా వెళ్లదు. మీ ఆట సరిగ్గా ఈ చోటే ఆగిపోతోందంటే, కొత్తది కొనే వేళ అయింది.

ఏ మోడల్ కొనాలో తెలియడం లేదు

పాతది పారేయకముందే ఈ కొలతలు రాసి పెట్టుకోండి: పొడవు, వేళ్లు పట్టుకునే చోట, అంటే నడుము దగ్గర వెడల్పు, మూపురం ఎత్తు, ఆ మూపురం వెనక అంచు నుంచి ఎంత దూరంలో ఉందో, సెన్సర్ రంధ్రం ముందు అంచు నుంచి ఎంత దూరంలో ఉందో, బరువు. బరువు తూచేటప్పుడు కేబుల్‌ను త్రాసు ఎత్తులోనే ఉన్న పుస్తకం మీద పడుకోబెట్టండి, వేలాడితే అంకె తప్పుతుంది. వీటన్నిటిలో ముఖ్యమైనవి నడుము వెడల్పు, మూపురం ఉన్న చోటు. పొడవు ఐదు మిల్లీమీటర్లు మారినా చెయ్యి సర్దుకుంటుంది. నడుము మూడు మిల్లీమీటర్లు మారితే చిటికెనవేలు ఊరుకోదు.

కొన్ని పాత మౌస్‌లకు వారసులు ఉన్నాయి. 2005 నాటి లాజిటెక్ ఎంఎక్స్ 518ను అదే ఆకారంతో, హీరో అనే సెన్సర్‌తో 2019లో మళ్లీ తెచ్చారు. ఇంటెల్లిమౌస్ 3.0 ఆకారానికి 2017లో క్లాసిక్, 2019లో ప్రో వచ్చాయి. గేమ్‌లకైతే ప్రోనే చూడాలి, దానిలో ఉన్నది 3389 రకం సెన్సర్, క్లాసిక్‌లో ఉన్నది మామూలు వాడకానికి సరిపోయేది. జోవీ ఈసీ వరస కూడా ఆ ఆకారానికి దగ్గరి చుట్టమే. రేజర్ డెత్‌యాడర్ వాడినవాళ్లు ఒక్కటి గమనించాలి: వీ2 దాకా పాత ఒంపులు నిలిచాయి, 2022లో వీ3 ప్రోతో మొదలైన వీ3 వరసకు పేరు అదే అయినా ఆకారం మారింది. ఎడమ కుడి చేతులకు ఒకేలా ఉండే స్టీల్‌సిరీస్ సెన్సెయ్‌కి సెన్సెయ్ టెన్ సరైన జోడీ. ఇవి కూడా అన్నీ ఎప్పుడూ తయారీలో ఉండవు, కాబట్టి పేరు కన్నా మీ కొలతల కాగితాన్నే నమ్ముకోండి.

లాజిటెక్ జీ600 లాంటి వాటితోనే చిక్కు. ఉంగరం వేలి కింద మూడో పెద్ద బటన్ అలవాటైనవాళ్లకు, పన్నెండు సైడ్ బటన్ల మౌస్‌లు ఎన్ని ఉన్నా ఆ మూడోది దొరకడం కష్టం. ఆ పనిని ఒక సైడ్ బటన్‌కు షిఫ్ట్ కీలా, నొక్కి పట్టుకుంటే మిగతా బటన్ల పని మారేలా, అప్పగించడమే దారి.

కొత్త మౌస్‌తో గురి దాటిపోతోంది

కారణం మూడు చోట్ల ఉండొచ్చు. ఈ వరసలోనే వెతకండి.

మొదటిది లెక్క. పాత డీపీఐని పాత సెన్సిటివిటీతో గుణించి, కొత్త డీపీఐతో భాగించండి. పాతది 400 డీపీఐ, గేమ్‌లో 2 ఉంటే, 1600 డీపీఐ దగ్గర 0.5 పెట్టాలి. ఆపైన విండోస్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" టిక్కు తీసేసి, స్లయిడర్‌ను నట్టనడుమ గీత మీద ఉంచండి. కొత్త డ్రైవర్ వేసినప్పుడు ఈ టిక్కు మళ్లీ పడిందేమో కూడా చూడండి.

ఇంత చేసినా పెట్టె మీద రాసిన డీపీఐ, అసలు డీపీఐ ఒకటి కాకపోవచ్చు. తేల్చుకోవడం తేలికే. ప్యాడ్ పక్కన స్కేలు పెట్టి, కర్సర్‌ను తెరకు ఎడమ అంచున ఆనించి, మౌస్‌ను నిదానంగా సరిగ్గా 10 సెం.మీ. జరపండి. 400 డీపీఐ అయితే కర్సర్ సుమారు 1575 పిక్సెళ్లు నడవాలి. 1650 నడిచిందంటే అసలు డీపీఐ 419, సెన్సిటివిటీని ఆ మేరకు తగ్గించాలి. 800 దగ్గర కొలిస్తే 5 సెం.మీ. చాలు, లేకపోతే 1920 పిక్సెళ్ల తెర సరిపోదు. పాత మౌస్‌నూ ఇలాగే కొలిస్తే సందేహమే మిగలదు.

రెండోది సెన్సర్ ఉన్న చోటు. మణికట్టుతో తిప్పేవాళ్లకు, మణికట్టు నుంచి సెన్సర్ దాకా 12 సెం.మీ. ఉన్నది 13 అయితే, అంతే తిప్పుకు కర్సర్ 8 శాతం ఎక్కువ పక్కకు పోతుంది. నిలువులో సరిగ్గా ఉండి అడ్డంలో మాత్రమే దాటిపోతుంటే దోషి ఇదే. గేమ్‌లో అడ్డానికి, నిలువుకు విడివిడి సెన్సిటివిటీ ఉంటే అడ్డందే తగ్గించండి.

మూడోది బరువు. వంద గ్రాముల మౌస్‌కు అలవాటైన చెయ్యి అరవై గ్రాములదాన్ని కూడా అంతే బలంతో తోస్తుంది. సెన్సిటివిటీ జోలికి పోకుండా ముందు గరుకు నేత ఉన్న క్లాత్ ప్యాడ్ మీద వారం ఆడండి. అప్పటికీ కుదరకపోతే లోపల, సెన్సర్‌కు దగ్గరగా, బోర్డును తాకకుండా అంటించే బరువులు 5 గ్రాముల చొప్పున కలుపుతూ వెళ్లండి. ఏఏ బ్యాటరీ వేసే వైర్‌లెస్ మౌస్‌లో దీనికి ఎదురు బాధ, వెనక భాగం బరువెక్కుతుంది. 23 గ్రాముల ఆల్కలైన్ తీసి 15 గ్రాముల లిథియం ఏఏ సెల్ వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

మౌస్ ఎత్తి పెట్టేటప్పుడు కర్సర్ జరుగుతోంది, లేదా మధ్యలో చచ్చిపోతోంది

ఇది లిఫ్ట్ ఆఫ్ దూరం. ముందు పట్టీల కింద ఒక సీడీ, వెనక పట్టీల కింద ఇంకో సీడీ పెట్టి, సెన్సర్ కింద ఖాళీ వదిలి కదపండి. సీడీ మందం 1.2 మి.మీ. కర్సర్ ఇంకా కదులుతుంటే దూరం అంతకన్నా ఎక్కువని అర్థం. ఎత్తినప్పుడు జరుగుతుంటే సెట్టింగ్‌లో దూరం తగ్గించండి. మామూలుగా ఆడుతుంటేనే ఆగిపోతుంటే, కొత్తగా వేసిన మందపాటి పట్టీలు సెన్సర్‌ను పైకి లేపి ఉండొచ్చు. దూరాన్ని ఒక మెట్టు పెంచండి.

తిన్నని గీత వంకర పోతోంది

ఎంఎక్స్ 518 తరం సెన్సర్లలో చాలావాటికి యాంగిల్ స్నాపింగ్ ఉండేది. మీ చేతి వంకరను అవే దిద్దేవి. కొత్త సెన్సర్ ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ ఉంటే పెట్టుకోవచ్చు గానీ, షూటింగ్ గేమ్‌లకు వద్దనే చెబుతాం, ఐమూలగా తల మీదికి జరిపే చిన్న కదలికను అది మింగేస్తుంది.

కర్సర్ తడబడుతోంది

వైర్‌లెస్ అయితే ముందు డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రిసీవర్) ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటి కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల పుట్టిస్తాయి, డాంగిల్ మాట్లాడేదీ అక్కడే. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని మౌస్‌కు 20-30 సెం.మీ. దగ్గరికి తెచ్చి, వీలైతే యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చండి.

పాత గేమ్‌లో మాత్రమే తడబడితే పోలింగ్ రేటు చూడండి. సెకనుకు 125 సార్లు కబురు పంపే మౌస్‌ల కాలంలో రాసిన గేమ్‌లలో కొన్ని 8000ను మోయలేవు. 1000కి దించండి, ఇంకా తడబడితే 500. ఈ అంకెను మౌస్ మెమరీలోనే సేవ్ చేసి సాఫ్ట్‌వేర్ మూసేయండి, లేకపోతే గేమ్ తెరిచిన ప్రతిసారీ వేరే ప్రొఫైల్ వచ్చి కూర్చుంటుంది.